రెండో ట్యూబ్

పోయిన వారం బుడ్డన్నని ల్యాబ్ వెనకగదిలో వదిలి వచ్చాం. తలుపుకి గడియ పెట్టుకుని, ఎడమ చెయ్యి బల్ల మీద చాపి, తన నరంలో తనే సూది గుచ్చుకున్నాడు. నిండిన రెండు ట్యూబుల మీదా నిచ్చెన పేరున్న లేబుళ్ళు అంటించాడు. ఎందుకంటించాడో మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

పద్దెనిమిదేళ్ళ కిందట బస్సు డిపో వాలీబాల్ జట్టుని ఎవరూ ఓడించలేని ఏడాది ఒకటి నడిచింది. అప్పుడు కోచ్ పెట్టిన పేర్లే ఇవి. నిచ్చెన స్మాషర్, గాల్లోకి లేచాడంటే వల మీదుగా అవతలివాళ్ళ నడినెత్తి కనిపించేది. బుడ్డన్న సెట్టర్, ఎంత వంకరగా వచ్చిన బంతినైనా వేళ్ళతో సర్ది, నిచ్చెన చేతికి అందేలా లేపడం అతని పని. ఆ తర్వాత నిచ్చెన అదే డిపోలో టైర్ల సెక్షన్ మేస్త్రి అయ్యాడు. బుడ్డన్న డిపో వదిలి, చదువు పూర్తి చేసి, రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరి తొమ్మిదేళ్ళయింది. ఏడు నెలల కిందట నిచ్చెనకి, రక్తం తయారయ్యే చోటే చెడిపోయే జబ్బు వచ్చింది.

ఆ జట్టు మీద సినిమా తీస్తున్న దర్శకురాలు, చివరి షాట్‌లో నటుడు వద్దు, అసలు నిచ్చెనే ఎగరాలి అంది. ప్లేట్‌లెట్లు లక్ష దాటినట్టు కాయితం తెస్తేనే అని ఇన్సూరెన్సువాళ్ళు అడ్డం పడ్డారు. నిచ్చెనకున్నవి పద్నాలుగు వేలు. ఆరేళ్ళ కూతురికి జ్ఞాపకాలు మొదలయ్యే వయసులో తాను మంచానికి అంటుకుపోయాననీ, ఒక్కసారి ఎగిరిన తండ్రిని దానికి తెర మీదైనా మిగల్చాలనీ చెప్పి, తన పేరు మీద బుడ్డన్న రక్తం పంపమని నిచ్చెన అడిగాడు. తెలివైనవాడైతే కాదనేవాడే. బుడ్డన్న సెట్టర్. అడిగినవాడికి బంతి అందించడం తప్ప వేరే ఆట నేర్చుకోలేదు.

ఇంక కథలోకి వెళ్దాం.

షూటింగ్ రోజు పొద్దున పదిన్నరకి చెల్లెమ్మ ఫోన్ చేసింది. చెల్లెమ్మంటే నిచ్చెన భార్య. పెళ్ళయిన మొదటి వారం నుంచే బుడ్డన్నని అన్నయ్యా అని పిలిచేది. డాక్టరమ్మ కబురు పెట్టిందనీ, నిచ్చెన అప్పటికే షూటింగుకి వెళ్ళిపోయాడనీ, ఒక్కతే వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదనీ చెప్పింది. రిపోర్టు ఏదో వచ్చిందట అంది.

ఆ మాటకి బుడ్డన్న చేతిలోని ట్యూబుల స్టాండు బల్ల మీదికి దిగిపోయింది. ఈ వారం పరీక్షకి నిచ్చెన రక్తం ఎవరూ తీయలేదు. వచ్చిన రిపోర్టంటూ ఉంటే అది ఒక్కటే.

అతను అనుకున్నది వేరు. ఇన్సూరెన్సువాళ్ళకి ఒక కాయితం వెళ్తుంది, ఎవరో ముద్ర వేసి ఫైల్లో పెడతారు, అంతటితో సరి. కానీ తన రక్తం తీసుకున్న రోజు కొత్త నంబరు తీయాల్సింది పోయి, కంప్యూటర్ ముందు కూర్చోగానే వేళ్ళు వాటంతట అవే నిచ్చెన పాత నంబరు కొట్టేశాయి. ఏడు నెలలుగా వారం వారం కొట్టిన నంబరు. ఆ నంబరు మీద వచ్చే ప్రతి రిపోర్టూ నేరుగా డాక్టరమ్మ కంప్యూటర్‌లో పడుతుంది. అదొక్కటే కాదు. ఆ నంబరుకి మిషన్ ఎప్పుడూ రెండు లేబుళ్ళు ఇస్తుంది, ఒకటి రక్తకణాలకి, ఇంకోటి కిడ్నీలకి. ల్యాబ్‌లో చేరిన రోజున నేర్పే మొదటి పాఠం, లేబుల్ బయటికి వచ్చిందంటే ట్యూబు నిండాలి అని. ఖాళీ లేబుల్ మిగిలితే రోగి ఎక్కడో తప్పిపోయినట్టే లెక్క. అందుకని బుడ్డన్న ఆలోచించకుండా రెండో ట్యూబు కూడా నింపాడు. మొదటిది తన మిషన్ మీద తనే నడిపి సంతకం పెట్టాడు. రెండోది సాయంత్రం బండిలో పెద్ద ల్యాబ్‌కి వెళ్ళిపోయింది. దాని సంగతే మరిచిపోయాడు.

డాక్టరమ్మ గదిలో బల్లకి ఇవతల రెండు కుర్చీలు. చెల్లెమ్మ కుట్టుకేంద్రం నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగుకి నీలం దారప్పోగులు అతుక్కుని ఉన్నాయి. రోజుకి రెండు వందల చొక్కాలకి కాజాలు కుడుతుంది. ఖాళీగా కూర్చున్నా ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఏదో గుండీని తడుముతున్నట్టు కదులుతూనే ఉంటాయి.

డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని ఇద్దరినీ చూసింది. ఆమె ముఖంలో మంచి కబురూ చెడ్డ కబురూ రెండూ ఉన్నట్టున్నాయి. ముందు మంచిదే తీసింది.

"నేను దీన్ని నమ్మలేదమ్మా. ల్యాబ్‌కి ఫోన్ చేసి మళ్ళీ చెయ్యమందామనుకున్నా. కింద ఈయన సంతకం చూసి ఊరుకున్నా."

ప్లేట్‌లెట్లు రెండు లక్షల ముప్ఫై వేలు. తెల్లకణాలు సరిగ్గా ఉన్నాయి, ఎర్రకణాలు సరిగ్గా ఉన్నాయి. కొత్త మాత్రలు ఇంత బాగా పనిచేయడం తన అనుభవంలో రెండోసారో మూడోసారో అంది. చెల్లెమ్మ ఆ అంకె మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత నవ్వింది. ఏడు నెలల్లో బుడ్డన్న చూడని నవ్వు అది. పక్కకి తిరిగి అతని ఎడమ చెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. సరిగ్గా సూది గుచ్చుకున్న చోటే పట్టుకుంది. బుడ్డన్న తేలు కుట్టిన దొంగలా కదలకుండా కూర్చున్నాడు.

అప్పుడు డాక్టరమ్మ రెండో కాయితం తీసింది.

క్రియాటినిన్ ఐదు పాయింట్ ఒకటి. ఒకటి దాటితేనే కళ్ళు తెరవాల్సిన అంకె. రక్తాన్ని బాగుచేస్తున్న మాత్రలే కిడ్నీలని కాలుస్తున్నాయని ఆమె అభిప్రాయం. అలా జరగడం అరుదే కానీ, ఇంత వేగంగా రక్తం బాగుపడటం కూడా అరుదే కదా అంది. ఆ తర్వాత కలం తీసుకుని చెల్లెమ్మని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.

పొద్దున లేచేసరికి కాళ్ళు వాస్తున్నాయా అని అడిగింది. లేదండీ అంది చెల్లెమ్మ, రోజూ నేనే ఒత్తుతాను, పుల్లల్లా ఉన్నాయి.

బుడ్డన్న బల్ల కింద తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. రెండు నెలలుగా సాక్సు తీస్తే చుట్టూ గాడి పడుతోంది. రోజంతా నిలబడే ఉద్యోగం కదా అనుకున్నాడు.

మూత్రంలో నురగ ఉంటోందా అని అడిగింది. అదీ లేదంది చెల్లెమ్మ. బుడ్డన్నకి ఉంటోంది. తిండి సయించడం లేదా, నోరు ఇనుము నాకినట్టుంటోందా? లేదండీ, మొన్నటి నుంచి రెండు ముద్దలు ఎక్కువే తింటున్నారు. బుడ్డన్న భార్య వారం కిందటే, నా వంటకి వంకలు పెట్టడం నేర్చుకున్నావా అని అలిగింది. రెండు మెట్లెక్కితే ఆయాసం? ఆ మాటకి చెల్లెమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. బుడ్డన్న ఆలోచించక్కర్లేకపోయింది, ఇప్పుడు ఈ గదికి రావడానికి ఎక్కిన మెట్లే గుర్తున్నాయి.

"రోగం ఇంత ముదిరి ఒక్క లక్షణమూ లేకపోవడమేమిటి," అంది డాక్టరమ్మ తనలో తను. "మనుషులు చెప్పకపోవచ్చు. రక్తం అబద్ధం చెప్పదు."

బుడ్డన్న తొమ్మిదేళ్ళుగా ఎంతోమంది రిపోర్టుల్లో ఆ అంకెలు చూశాడు. ఐదు దాటినవాళ్ళు ఆరు నెలల తర్వాత ఏ గదిలో, ఏ మిషన్ పక్కన, ఎలాంటి చర్మం రంగుతో పడుకుని ఉంటారో అతనికి తెలుసు. రక్తం తీయడానికి వెళ్ళినప్పుడు వాళ్ళ చేతుల్లో నరం దొరికేది కాదు. ఈసారి ఆ అంకె తనదే అని తెలియడానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేం. గోడగడియారంలో ముల్లు కదలడం మాత్రం చూశాడు.

ఇవాళ్టి నుంచి మాత్రలు ఆపేయమంది డాక్టరమ్మ. శుక్రవారం నిచ్చెనకి ఎక్కించాల్సిన ప్లేట్‌లెట్ల సంచీ కూడా ఇంక అక్కర్లేదనీ, పక్కవార్డులో ఒక అమ్మాయికి అవసరమైతే పొద్దునే ఇచ్చేశాననీ చెప్పింది.

ఇదొక్కటీ బుడ్డన్న లెక్కలో లేదు. నిచ్చెన ఒంట్లో ఉన్నవి అవే పద్నాలుగు వేలు, ఇంకా తగ్గి కూడా ఉండవచ్చు. ఆ కాస్తనీ కాపాడుతున్నవి ఆ మాత్రలూ, వారానికో సంచీ. రెండూ పోయాయి. పోగొట్టినవాడు రోగి భార్య పక్కనే, ఆమె చేతిలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"డాక్టరమ్మా," అన్నాడు.

ఆమె తలెత్తింది. చెల్లెమ్మ కూడా అతని వైపు తిరిగింది. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు, దాని పక్కనే కిడ్నీల భయం వచ్చి కూర్చుంది. ఒకే ముఖంలో రెండూ సర్దుకోలేక అవస్థ పడుతున్నాయి. బుడ్డన్న డాక్టరమ్మ వైపే చూస్తూ మాట మార్చాడు.

"ఇంకోసారి పరీక్ష చేస్తే... ఇవాళే..."

"సోమవారం చేద్దాంలే," అంది డాక్టరమ్మ. "నీ పని మీద నాకు అనుమానం లేదయ్యా."

షూటింగ్ జరుగుతున్న ఆటల హాలుకి బస్సులో ఇరవై నిమిషాలు. చెల్లెమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మంచి కబురు తన నోటితోనే చెప్తానని బయల్దేరింది. రెండో కబురు మాత్రం అన్నయ్య మెల్లగా చెప్పాలట. మగాళ్ళు మగాళ్ళ మాట వింటారని ఆమె నమ్మకం. దారంతా ఆమే మాట్లాడింది. రక్తం బాగుపడిన మనిషికి కిడ్నీ ఒక లెక్కా అంది. టైరు మార్చినట్టు మార్చడమే కదా అని ఆయనే అంటారు చూడు అంది. రెండు స్టాపులు దాటాక గొంతు తగ్గించింది.

"నాది ఒకటి ఇచ్చేస్తా అన్నయ్యా. నాకు రెండెందుకు?"

బుడ్డన్న ముందు సీటు ఇనుప కమ్మీని పట్టుకుని రోడ్డు చూస్తూ ఉండిపోయాడు. కక్కలేడు, మింగలేడు. ఎవరి కిడ్నీల కోసం ఈమె తన ఒంట్లోంచి ఒకటి కోసి ఇస్తానంటోందో ఆమెకి తెలియదు. తెలిస్తే ఆ మాట వెనక్కి తీసుకుంటుందా? తీసుకోదేమో అన్న అనుమానమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

హాల్లో దీపాల వేడి. వల కట్టి ఉంది, దాని చుట్టూ పట్టాలు పరిచి కెమెరా బండి పెట్టారు. నటులు పాత డిపో జెర్సీల్లాంటివి వేసుకుని బంతి తడుతున్నారు. దర్శకురాలు చెల్లెమ్మని తన పక్కన కూర్చోబెట్టుకుంది. అరగంటలో మీ ఆయన షాటే అని చెప్పింది. బుడ్డన్న దుస్తుల గదికి వెళ్ళాడు.

నిచ్చెన బెంచీ మీద కూర్చుని మోకాళ్ళకి పట్టీలు ఎక్కిస్తున్నాడు. పదో నంబరు జెర్సీ అతని మీద వేలాడుతోంది. తుమ్మితే జారిపోయేలా ఉందని అతనే వెక్కిరించుకున్నాడు. చెల్లెమ్మ చెప్పాలనుకున్న వార్త ముందే బుడ్డన్న నోట విని పగలబడి నవ్వాడు.

"రెండు లక్షల ముప్ఫై వేలా? నీ రక్తానికి ఇంత పొగరుందని తెలిస్తే అప్పట్లోనే ఓ గ్లాసుడు అడిగేవాణ్ణి కదరా."

బుడ్డన్న తలుపు దగ్గరగా వేసి, చెప్పదలుచుకున్నది చెప్పాడు. బస్సు దిగేలోపు ఒక ఉపాయం అల్లుకున్నాడు. డాక్టరమ్మ మాత్రలు ఆపమంది, నువ్వు ఆపకు, చెల్లెమ్మకి తెలియకుండా నేనే తెచ్చిస్తా. ఈ ఒక్క షాటూ మానెయ్, రేపు పొద్దున నీ రక్తం తీసి అసలు రిపోర్టు పంపిస్తా, మిషన్ చెడిందని చెప్తా. ఒక అబద్ధానికి కాలు విరిగితే ఇంకో అబద్ధాన్ని కట్టుకర్రగా కడుతున్నాడని అతనికీ తెలుసు.

నిచ్చెన పట్టీ ఎక్కించడం ఆపాడు. రక్తం బాగుంటే మాత్రలు ఎందుకు ఆపమందని అడిగాడు.

కిడ్నీలకి పడటం లేదట అన్నాడు బుడ్డన్న.

"నా కిడ్నీల సంగతి ఆవిడకెలా తెలుసు? ఈ వారం నా రక్తం ఎవరూ తీయలేదే."

బుడ్డన్న జవాబు వెతుక్కున్నాడు. పెద్ద ల్యాబ్ అన్నాడు, పాత శాంపిల్ అన్నాడు, రెండు మాటలూ ఒకదాన్నొకటి తన్నుకున్నాయి. నిచ్చెన అతని ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు. బంతి ఎటు లేపబోతున్నాడో సెట్టర్ భుజాలు చూసి అవతలి జట్టు కనిపెట్టలేకపోవచ్చు, సొంత స్మాషర్ కనిపెడతాడు.

"కూర్చో," అన్నాడు నిచ్చెన.

బుడ్డన్న కూర్చున్నాడు. నిచ్చెన వంగి, అతని కుడికాలి సాక్సు కిందికి లాగాడు. టైరులో గాలి ఉందో లేదో చూసే మేస్త్రి బొటనవేలు అది, ఏళ్ళ తరబడి అలవాటు. చీలమండ మీద గట్టిగా నొక్కి తీశాడు. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఇద్దరూ దానివైపే చూశారు. అది పూడలేదు.

"ఎంత?" అన్నాడు నిచ్చెన, తల ఎత్తకుండానే.

"ఐదు పైన."

"ఎంత దాకా ఉండాలి?"

"ఒకటి."

నిచ్చెన ఆ గుంట మీంచి బొటనవేలు పోనిచ్చాడు. బయట ఎవరో బంతి తడుతున్న చప్పుడు, బూట్ల కీచు వినిపిస్తున్నాయి. ఇంటావిడకి చెప్పావా అని అడిగాడు. నాకే గంట కిందట తెలిసింది అన్నాడు బుడ్డన్న. నా ట్యూబు నింపకపోతే నీకు ఎప్పటికీ తెలిసేది కాదేమో అన్నాడు నిచ్చెన. ఓదార్పు కోసమే అన్నాడు కానీ, ఆ మాట ఓదార్పుగా వినిపించలేదు. షాటూ లేదు ఏమీ లేదు, పద డాక్టరు దగ్గరికి, ఇద్దరం వెళ్ళి ఉన్నదున్నట్టు చెబుదాం, ఉద్యోగం పోతే నా టైర్లు దొర్లిద్దువుగాని అన్నాడు. అంటూ సాక్సు మళ్ళీ పైకి లాగడానికి ఇంకొంచెం వంగాడు.

ఆ సాక్సు మీద ఎర్రటి చుక్క పడింది. పక్కనే ఇంకోటి.

నిచ్చెన వేలితో ముక్కు తడుముకుని చూసుకున్నాడు. పిల్లవాడు పాలు ఒలకబోసుకున్నట్టు కొంచెం సిగ్గుపడ్డాడు. దీపాల వేడికి వచ్చి ఉంటుందిలే అన్నాడు. బుడ్డన్న అతని తలని ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కి పట్టాడు. గోడ మీద గడియారం చూసి ఐదు నిమిషాలు లెక్కపెట్టాడు. వేళ్ళు తీయగానే మళ్ళీ కారింది. తువ్వాలు తెచ్చి ఇంకో ఐదు నిమిషాలు. ఈసారి గొంతులోకి కూడా దిగినట్టుంది, నిచ్చెన దగ్గి ఉమ్మేశాడు. తువ్వాలు తడిసిపోయింది. మామూలు మనిషికైతే రెండో నిమిషంలో ఆగిపోవాల్సిన ధార. బుడ్డన్న రోజూ చేసే పనే రక్తం తీసి దూది పెట్టడం. దూది కింద రక్తం ఎప్పుడు ఆగుతుందో అతని వేళ్ళకి తెలుసు. ఇది ఆగే రక్తం కాదని ఆ వేళ్ళే చెప్పాయి.

తలుపు తీసి చెల్లెమ్మని పిలిచాడు. ఆమె పరుగెత్తుకొచ్చి, ఏమీ అడక్కుండా అతని చేతిలోంచి తువ్వాలు లాక్కుని భర్త ముక్కుకి అదిమి పట్టింది. ఎవరో బల్ల మీది గుడ్డ తెచ్చి ఇచ్చారు, ఎవరో నీళ్ళు తెచ్చారు, దర్శకురాలు కారు తెప్పించమని మనిషిని పంపింది. బుడ్డన్న డాక్టరమ్మకి ఫోన్ కలిపాడు. రక్తానికి చేతులు జారుతుంటే స్పీకర్ నొక్కి బెంచీ మీద పెట్టాడు.

డాక్టరమ్మ నెమ్మదిగా విన్నది. కంగారు పడవద్దంది. రెండు లక్షల ముప్ఫై వేలున్న మనిషికి ముక్కులోంచి వచ్చే రక్తం దానంతటదే ఆగుతుందనీ, ఇంకో పది నిమిషాలు పట్టుకోమనీ చెప్పింది.

"వింటున్నారా?" అంది చెల్లెమ్మ భర్తతో. "ఆగుతుందంట. మీకిప్పుడు బోలెడన్ని ఉన్నాయంట."

గుడ్డ అంచు దాటి ఆమె మణికట్టు మీదుగా సన్నటి గీత కిందికి దిగుతోంది. నిచ్చెన గుడ్డ పైనుంచి బుడ్డన్నని చూశాడు. ఆమె ముందు వద్దు అన్నట్టు తల అడ్డంగా ఆడించబోయాడు. ఆమె చెయ్యి గట్టిగా పట్టి ఉండటం వల్ల తల కదల్లేదు.

"ఆగదు డాక్టరమ్మా," అన్నాడు బుడ్డన్న. "ఆ రక్తం వాడిది కాదు."

ఫోన్‌లో అవతల కాయితాల చప్పుడు ఆగిపోయింది.

"మరెవరిది?"

"నాది. రెండు ట్యూబులూ నావే."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె తిట్టలేదు. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"ఉన్న ఒక్క సంచీ పొద్దున ఇచ్చేశానయ్యా. ఇంకోటి కావాలంటే సాయంత్రం దాకా దారి లేదు. తీసుకురండి, చూద్దాం."

ఫోన్ పెట్టేసింది. గుమ్మం దగ్గర గుమిగూడినవాళ్ళలో ఎవరో కారు వచ్చిందని చెప్పారు. ఎవరూ కదల్లేదు. చెల్లెమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. భర్త ముక్కు మీద చెయ్యి తీయలేదు, నొక్కడం సడలించలేదు. తల మాత్రం మెల్లగా తిప్పింది. పన్నెండేళ్ళుగా అన్నయ్యా అని పిలిచిన మనిషిని, కొత్తవాణ్ణి చూసినట్టు కింది నుంచి పై దాకా చూసింది.

"అయితే," అంది, పక్కవాళ్ళకి వినిపించనంత చిన్నగా, "ఆ సంచీ మా ఆయనకి అందకుండా చేసింది నువ్వా?"